మూట మోసినవారెవరు? — యాత్రాచరిత్రలో బరువు సంగతి

1

రెండేళ్ల క్రితం మా విద్యార్థులు కొందరు బెంగళూరు నుంచి తిరుమలకు కాలినడకన వెళ్లి వచ్చారు. హొసకోట, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు, చంద్రగిరి మీదుగా సుమారు 250 కిలోమీటర్ల దారి. తిరిగి వచ్చిన తరువాత యాత్రాసాహిత్యం పాఠం జరుగుతుండగా వారిలో ఒక అమ్మాయి లేచి అడిగింది: “మా బట్టలూ జమఖానాలూ వంటసామానూ అంతా టెంపోలో ముందే పొయ్యె. మేము ఊరికే నీళ్ల బాటిల్ పట్టుకొని నడిస్తిమి సార్. దీన్ని పాదయాత్ర అనొచ్చునా?” పక్కనున్న అబ్బాయి అందుకొని, “మా తాత మూట నెత్తిన పెట్టుకొనే పోయినాడంట” అన్నాడు.

తరగతిలో మేము అప్పటికి ఏదో సమాధానం చెప్పాము గాని, ఆ ప్రశ్న అంతటితో తీరేది కాదు. యాత్ర అంటే నడకా, మోతా, రెండూనా? పూర్వులు తమ మూటలు తామే మోసుకొన్నారనీ మనమే సుఖాలు మరిగామనీ అనుకొనే అలవాటు ఒకటి ఉన్నది. అది ఎంతవరకు నిజం? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఇదే. శాసనాలలో, గ్రంథాలలో దొరికే సంగతులతోపాటు, మనం రోజూ వాడే మాటలలో దాగి ఉన్న చరిత్రను కూడా సాక్ష్యంగా తీసుకొంటున్నాము. ఆంధ్రదేశానికి వెలుపల పెరిగి, ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష వినే విద్యార్థులకు ఈ రెండవ రకం సాక్ష్యం త్వరగా అందుతుందని మా నమ్మకం.

2

తెలుగులో యాత్రాచరిత్ర అనగానే ముందు చెప్పుకోవలసినది ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగి. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి చేరి, గయ, పూరీ మొదలైన క్షేత్రాలు చూసుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు ఉత్తరాలు రాశారు. అవే 1838లో పుస్తకంగా అచ్చయినవి. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి మళ్లీ వెలువరించారు.

ఈ పుస్తకాన్ని మేము చాలా ఏళ్లుగా పాఠం చెబుతున్నాము. విద్యార్థులు సాధారణంగా అందులో ఊళ్ల పేర్లు, ఆచారాలు, నాటి పాలన సంగతులు వెతుకుతారు. ఒకసారి బరువు దృష్టితో చదివి చూడమని మా సూచన. వీరాస్వామయ్యగారు ఒంటరిగా పోలేదు. ఆయన వెంట సుమారు వంద మంది ఉన్నారు. బంధువులు, పరిచారకులు, సవారీ మోసే బోయీలు, సామాను మోసేవారు, గుడారాలు, అన్నీ కలిసి అదొక కదిలే ఊరు. ప్రతి మజిలీలోనూ ఆయన ఓపికగా రాసిపెట్టిన సంగతి మరొకటి ఉన్నది. ఆ ఊళ్లో అంగళ్లున్నాయా, ముసాఫరులకు కావలసిన సామగ్రి దొరుకుతుందా, నీళ్లు ఎలాంటివి, దిగడానికి చోటున్నదా అన్నది. ఇప్పటి పాఠకుడికి ఇవి విసుగు పుట్టించవచ్చు. కాని వెనుక రాబోయే యాత్రికుడికి ఇంతకంటె విలువైన సమాచారం లేదు. ముందు ఊళ్లో బియ్యం దొరుకుతాయని తెలిస్తే ఈ ఊళ్లో ఒక మూట తగ్గుతుంది. దొరకవని తెలిస్తే ఒక మనిషి పెరుగుతాడు. ఆ లెక్క తెలిసినవాడు కనుకనే ఆయన అంత శ్రద్ధగా రాశారు.

ఇక్కడ మేము విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాము. 1830లో మద్రాసు నుంచి కాశీకి నడిచినది ఎవరు? పుస్తకం మీద ఉన్న పేరు వీరాస్వామయ్యగారిది. కాని ఆయన సవారీలో పోయిన దూరమంతా నిజంగా కాళ్లతో కొలిచినవారు ఆ సవారీని భుజాన పెట్టుకొన్న బోయీలు. వారూ గంగ ఒడ్డుకు చేరారు. వారూ ఆ నీళ్లు తాగారు. “కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే” అనే సామెత పుట్టిన రోజులలో ఆ ప్రాణభయం మోయించుకొన్నవారికి ఎంత ఉన్నదో మోసినవారికీ అంతే ఉన్నది. అయినా ‘కాశీయాత్ర’ అన్న గౌరవం వారి లెక్కలో పడలేదు. వారికి దక్కినది కూలి.

ఇది వీరాస్వామయ్యగారి మీద నింద కాదు. తన పరివారం గురించి ఆయన రాసినంత కూడా రాయని యాత్రికులే ఎక్కువ. మేము చెప్పదలచినది ఇంతే: సామాను తన భుజం మీద లేకుండా యాత్ర చేయడం నిన్నమొన్నటి అలవాటు కాదు. కలిగినవారు ఏనాడూ తమ మూట తాము మోయలేదు.

నాటి ప్రభుత్వమూ ఈ భేదాన్ని బాగా గుర్తించింది. ఈస్టిండియా కంపెనీ ప్రయాగలో, గయలో, పూరీలో యాత్రికుల మీద పన్ను వసూలు చేసేది. ప్రయాగలో కాలినడకన వచ్చినవాడికి ఒక రేటు, గుర్రం మీదనో పల్లకీలోనో వచ్చినవాడికి అంతకన్న ఎక్కువ, ఏనుగు మీద వచ్చినవాడికి ఇంకా ఎన్నో రెట్లు. అంటే మనిషి ఎలా మోయించుకొని వచ్చాడో చూసి అతని తాహతు కట్టేవారు. ఈ యాత్రికుల పన్ను 1840లో రద్దయింది.

3

ఇప్పుడు కొన్ని మాటల సంగతి చూద్దాము.

‘కూలి’ అంటే వేతనం. చివరి అచ్చును దీర్ఘం చేస్తే ‘కూలీ’, అంటే మనిషి. తమిళంలోనూ ‘కూలి’కి వేతనమనే అర్థం. ఇంగ్లీషువారు తీసుకొనిపోయిన కూలీ శబ్దానికి మూలం ఇదేనని ఒక వాదం, గుజరాతు ప్రాంతపు కోలీ అనే జాతి పేరని మరొక వాదం. మూలం ఏదైనా, తెలుగులో జరిగినది మాత్రం గమనించదగినది. ఇచ్చే డబ్బు పేరే పుచ్చుకొనే మనిషి పేరుగా మారింది. మూట మోసినవాడు చరిత్రలో పేరు లేకుండా ఎందుకు మిగిలాడో ఈ ఒక్క మాటే చెబుతుంది.

‘బోయీ’ అన్న మాట కథ ఇంకొక తీరు. తమిళ కన్నడాలలో ‘బోవి’. పల్లకీ మోసేవారికి మద్రాసు ప్రాంతపు ఇంగ్లీషువారు ‘బాయ్’ అన్న మాట వాడేవారు. అది కుర్రవాడు అనే అర్థం గల తమ సొంత మాట కాదనీ, ఈ బోయీ శబ్దం దానిలో కలిసిపోయిందనీ 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు చెబుతున్నది. నడివయసు మనిషిని ‘బాయ్’ అని పిలవడం వెనుక మన మాట ఒకటి ఇలా దాగి ఉన్నది.

‘కావడి’ అందరికీ తెలిసిన మాటే. వెదురు బద్ద, రెండు కొసలా వేలాడే ఉట్లు లేక బుట్టలు. కావడి మోసేవాడు పెద్ద అంగలు వేయడు. చిన్న చిన్న అడుగులతో కొంచెం పరుగులాంటి నడక నడుస్తాడు. బద్ద వంగి లేచే ఊపుకు అతని అడుగు కలిస్తే బరువు తేలికవుతుంది. ఒక భుజం నొచ్చితే నిలవకుండానే రెండో భుజానికి మార్చుకొంటాడు. రెండు వైపులా బరువు సమంగా లేకపోతే ఆ కావడి కదలదు. అందుకే సామాను ఒకవైపే ఉంటే రెండో వైపు రాయి వేసి సరిచేసేవారు. యాత్రికుడి సామాను పోయినది ప్రధానంగా ఈ సాధనం మీదనే. తిరుగు దారిలో గంగనీళ్ల చెంబులు వచ్చినదీ దీని మీదనే.

మనుషులు చాలని చోట పశువులు. ‘పెరిక’ అంటే ఎద్దు వీపున వేసే గోతం. ఆ పనిమీద బతికినవారికి పెరికవారని పేరు వచ్చింది. బండ్ల బాటలు లేని కాలంలో పెరికవారూ లంబాడీలూ ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద దేశమంతా తిప్పారు.

డబ్బు కూడా బరువే. వెండి రూపాయల సంచి మూటలన్నిటిలోకీ ప్రమాదకరమైన మూట. దానికి పూర్వులు కనిపెట్టిన ఉపాయం ‘హుండీ’. ఒక ఊళ్లో షావుకారుకు సొమ్ము కట్టి, అతడిచ్చిన కాగితం మరొక ఊళ్లో అతని మనిషికి చూపి సొమ్ము తీసుకోవడం. వస్తువు ఇక్కడ అప్పగించి, కాగితం పట్టుకొని నడిచి, అక్కడ తీసుకోవడమన్నమాట. ఇవాళ ‘హుండీ’ అనగానే మనకు గుర్తొచ్చేది దేవాలయంలో కానుకల పెట్టె. ఆ పాత హుండీ మాత్రం వాడుకలోంచి దాదాపు జారిపోయింది.

ఇక ‘చద్ది’. రాయలసీమలో సద్ది, కన్నడంలో బుత్తి. “పెద్దల మాట చద్దిమూట” అనడంలో ఉన్న గౌరవం దారిలో ఆకలి తెలిసినవారికే పూర్తిగా అర్థమవుతుంది. తాళ్లపాక చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రలో బాలుడైన అన్నమయ్య (1408–1503) తిరుమల కొండ ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర ఆకలితో సొమ్మసిల్లిపోతాడు. అలమేలుమంగమ్మ వచ్చి ప్రసాదం పెట్టి ఆదుకొంటుంది. భక్తికథగా అది ఎంత గొప్పదో యాత్రాచరిత్రగా అంత నిజం. చద్దిమూట లేకుండా ఇల్లు వదిలిన పిల్లవాడికి కొండ మీద ఎవరో ఒకరు అన్నం పెట్టాలి.

4

ఆ ‘ఎవరో ఒకరు’ క్రమంగా ఒక వ్యవస్థగా ఏర్పడడమే సత్రాల చరిత్ర. సత్రం అనగానే మనకు అన్నదానం, పుణ్యం గుర్తుకొస్తాయి. బరువు దృష్టితో చూస్తే సత్రం కూడా సామాను రవాణా ఏర్పాటే. దారిలో ప్రతి మజిలీకీ ఒక పొయ్యి, కొన్ని పాత్రలు, ఒక కప్పు, ఒక బావి ఉంటే యాత్రికుడు బియ్యం, గిన్నెలు, గుడారం మోయనక్కరలేదు. మెట్లు కట్టించడమూ అటువంటిదే. రెడ్డిరాజులలో ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడు. ఆ మెట్లు ఎక్కేవాడికి ఎంత మేలు చేశాయో, అతని వెనుక మూటతో ఎక్కేవాడికి అంతకు రెట్టింపు మేలు చేశాయి.

రైలు వచ్చిన తరువాత దూరప్రయాణంలో కావడి పని తగ్గింది. బెంగళూరు దండుకు జోలార్పేట నుంచి రైలు 1864లో వచ్చింది. దానితో మోత అంతా రైలుస్టేషను ప్లాట్‌ఫారం మీదకు కుదించుకొని పోయింది. ఈ ఊరి రైలుస్టేషను ఎదురుగా గుబ్బి తోటదప్పగారి ధర్మఛత్రం 1903లో ప్రారంభమైనది. పూర్వం బాట పొడుగునా ఉండవలసిన సత్రం ఇప్పుడు స్టేషను ముందు ఒకటి ఉంటే చాలునన్నమాట.

తిరుమల సంగతి మాత్రం వేరు. రైలు కొండ కిందనే ఆగిపోయింది. 1944 ఏప్రిల్ దాకా కొండకు మోటారు దారి లేదు. నడవగలిగినవారు నడిచారు, నడవలేనివారు డోలీ ఎక్కారు, సామాను మనుషుల నెత్తిన ఎక్కింది. 1944లో మొదటి ఘాటు రోడ్డు, 1974లో రెండవది వచ్చాయి. ఆ తరువాత నడవడం అవసరం కాక మొక్కుగా మారింది. నడిచేవాడికీ మూటకూ బంధం తెగినది ఇక్కడే. మనిషి మెట్లదారిన, మూట మోటారు దారిన!

నేడు అలిపిరిలో జరిగేది అందరూ చూసినదే. సుమారు 9 కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. కింద దేవస్థానం కౌంటరులో సంచి అప్పగిస్తే రసీదు ఇస్తారు. రుసుము లేదు. సంచి బండిలో పైకి పోతుంది. పైన రసీదు చూపి తీసుకోవాలి. చంద్రగిరి వైపున్న శ్రీవారి మెట్టు దారిలోనూ, 2,388 మెట్లకు, ఇదే ఏర్పాటు. ఇది పాత హుండీ పద్ధతి తప్ప మరొకటి కాదు. అప్పుడు షావుకారు మీద నమ్మకం, ఇప్పుడు సంస్థ మీద నమ్మకం. వీరాస్వామయ్యగారి వంటి కలిగినవారికి మాత్రమే దక్కిన సదుపాయం ఇవాళ చిరిగిన సంచి తెచ్చిన కూలిమనిషికి కూడా దక్కుతున్నది. మా విద్యార్థిని ప్రశ్నకు సగం సమాధానం ఇదే. మూట లేకుండా నడవడం భక్తి తగ్గినందువల్ల వచ్చినది కాదు. ఒకప్పటి ధనికుల సౌకర్యం అందరికీ అందినందువల్ల వచ్చినది.

ఇతర దేశాలలోనూ ఇదే చర్చ ఉన్నది. స్పెయిన్ దేశంలో సాంతియాగో అనే క్షేత్రానికి వందల కిలోమీటర్లు నడిచే క్రైస్తవ యాత్రికుల సంచులను ఆ దేశపు తపాలా శాఖవారే ఒక మజిలీ నుంచి మరొక మజిలీకి చేరవేస్తారు. సంచి మోయనివాడు అసలు యాత్రికుడేనా అని అక్కడా వాదులాడుకొంటారు. అయితే ఆ క్షేత్రంవారు ఇచ్చే పత్రానికి కనీసం 100 కిలోమీటర్లయినా నడిచి ఉండాలన్నదే నియమం. సంచి ప్రసక్తి లేదు. మనకు దగ్గరలో పండరిపురం వారీ చూడండి. జ్ఞానేశ్వరుని పాదుకలు పల్లకీలో పోతాయి. ఒక్కొక్క దిండీ వారి సామాను లారీలో పోతుంది. వారకరీలు తాళాలు పట్టుకొని నడుస్తారు. వారిని పాదచారులు కారని ఎవరూ అనలేదు.

బండి పోలేని దారులు మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి. ఉగాదికి ఉత్తర కర్ణాటకం నుంచి శ్రీశైలానికి నడిచి వచ్చే కన్నడ భక్తులు ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నల్లమల అడవిలో ప్రవేశిస్తారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, అదంతా కాలిబాటే. సామాను బండి దోర్నాల మీదుగా చుట్టు తిరిగి రావలసిందే. అడవిలో మాత్రం నీళ్లూ తిండీ ఎవరివి వారే మోసుకోవాలి. 1830నాటి దారి ఎలా ఉండేదో తెలుసుకోదలచినవారికి నేటికీ చదవదగిన పుస్తకం ఆ అడవిబాట.

5

మిగిలిన సగం సమాధానం కొంచెం కష్టమైనది.

అన్ని బరువులూ ఒకటి కావు. కొన్ని బరువులు ఇతరులకు అప్పగించడానికి వీలులేనివి. శబరిమల యాత్రకు పోయేవారి ఇరుముడి చూడండి. ‘ఇరు’ అంటే రెండు, ఇరువురు అన్నప్పుడున్నదే. ‘ముడి’ మన ముడే. ముందు ముడిలో దేవుడికి నేతి కొబ్బరికాయ మొదలైనవి, వెనుక ముడిలో యాత్రికుడి సొంత తిండి సామగ్రి. ఇరుముడి నెత్తిన ఉంటేనే పద్దెనిమిది మెట్లు ఎక్కాలి. లారీలో పంపే వీలు లేదు. అడవిదారిలో ఆకలి తీర్చడానికి కట్టుకొన్న చద్దిమూట, అవసరం తీరిపోయిన తరువాత కూడా, దేవుడి మూటతో ముడిపడి నిలిచిపోయింది. అలిపిరి పాదాలమండపం దగ్గర స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకొని ప్రదక్షిణ చేసేవారిని చూసినా ఇదే తోస్తుంది. మోత అవసరం తీరినా మోయాలన్న కోరిక తీరలేదు.

‘ముడుపు’ అన్న మాటా ఈ ముడి నుంచి వచ్చినదే. పసుపు గుడ్డలో కట్టిన మొక్కు డబ్బు. తిరుపతికి ఒకడు బయలుదేరితే పది ఇళ్ల ముడుపులు అతని చేతికి వచ్చేవి. తిరిగి వచ్చేటప్పుడు పది ఇళ్లకు ప్రసాదం. కాశీ నుంచి గంగ. అంటే యాత్రికుడు మోయించుకొనేవాడు మాత్రమే కాదు, తానూ ఊరివారి బరువు మోసేవాడే. పోలేనివారి కోరికలను కొండకు చేర్చే కావడి అతడు. ఈ పని చేసినందుకు అతనికి కూలి లేదు, మర్యాద ఉన్నది. బోయీకి కూలి ఉన్నది, మర్యాద లేదు. ఇద్దరి పనీ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చిందో చరిత్ర విద్యార్థి ఆలోచించాలి.

మరొక తరగతిలో మేము ఆ విద్యార్థులనే తిరిగి అడిగాము. “మీ టెంపో నడిపినాయన దర్శనం చేసుకున్నాడా?” ఒకరి మొహం ఒకరు చూసుకొన్నారు. ఎంతోసేపటికి ఒక అబ్బాయి అన్నాడు: “లేదు సార్. కింద బండి కాడే ఉండె. సామాను చూసుకోవల్ల కదా.” ముందు రోజుల్లో తెల్లవారుజామున లేచి వీరికన్న ముందు మజిలీ చేరి, నీడ చూసి, పొయ్యి వెలిగించి ఉప్మా, టీ సిద్ధం చేసినవాడు ఆయనే. నడిచినవారందరి పేర్లూ విద్యార్థులకు తెలుసు. ఆయన పేరు ఇద్దరికే తెలుసు.

అలిపిరి కౌంటరులో రసీదు రాసేవారు, సంచులు బండికి ఎత్తేవారు, పైన దించేవారు ఉన్నారు. వారి చేతులు లేకపోతే మన చేతులు ఖాళీగా ఉండవు. వీరాస్వామయ్యగారి కాలం నుంచి నేటికి మారినది బండి, రసీదు. మోసేవాడి పేరు రాసుకోని అలవాటు మాత్రం మారలేదు. ఆ నింద పూర్వుల మీద వేయడం తేలిక. ఆ రోజు తరగతిలో మేమందరం ఆ నిందలో ఉన్నాము. యాత్రాసాహిత్యం ఇన్నేళ్లు పాఠం చెప్పి ఈ ప్రశ్న అంత ఆలస్యంగా అడిగినందుకు మేమూ ఉన్నాము.

అందుచేత ఆ అమ్మాయికి మా సమాధానం ఇది. నువ్వు చేసినది పాదయాత్రే, సందేహం లేదు. మూట లేని నడక తక్కువది కాదు. కాని ఆ యాత్రలో నీతోపాటు ఎందరున్నారో లెక్కించేటప్పుడు బండి నడిపినవారిని కలుపుకో. ఈ ఏడు మళ్లీ బయలుదేరేటప్పుడు కొండ కింద ఒకపూట సామాను దగ్గర మీలో ఒకరు కూర్చోండి.

ఈ వ్యాసం ముద్రణకు ఇచ్చేనాటికి విద్యార్థులు రెండవసారి వెళ్లి వచ్చారు. అలిపిరి దగ్గర వంతులు వేసుకొన్నామనీ, ఆయన మెట్లదారినే నడిచి పైకి పోయి దర్శనం చేసుకొని వచ్చాడనీ చెప్పారు. ఆయన సంచి కౌంటరులో ఇవ్వలేదట. అందులో ఆయన వీధివాళ్లు కట్టి ఇచ్చిన ముడుపులున్నాయట.